వెళ్ళిపోయిన బస్సు వైపు

మా ఆవిడ బస్సు స్టాపులకు గాజు బొమ్మలు చేస్తుంది. ఈ మాట ఎవరితోనైనా అనగానే, "అంటే అద్దాలు బిగిస్తుందా?" అంటారు. కాదు మహాప్రభో, బొమ్మలు వేస్తుంది అంటే, "ఓహో, ప్రకటనలా?" అంటారు. అదీ కాదు. ఎండా వానా తగలకుండా జనం కూర్చునే ఆ షెడ్డుకు వెనకవైపు ఒక గోడ ఉంటుంది కదా, ఆ గోడకు బదులు రంగుల గాజు పలక ఉంటుంది. దాని మీద ఆ పేటకు తగ్గ బొమ్మ ఏదో ఉంటుంది. ఆ బొమ్మ ఊహించడం, గియ్యడం, రంగులద్ది బట్టీలో కాల్పించడం, ఇదంతా ఆవిడ పని. ఇంత ఓపిగ్గా వివరించాక, "మరి దానివల్ల ఉపయోగం ఏమిటండీ?" అని అడుగుతారు. అక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంది. నిజానికి మొదట్లో ఆ ప్రశ్న అడిగింది నేనే. జవాబు నాకు సరిగ్గా ఎప్పుడూ దొరకలేదు.

ఆవిడ పెరిగింది అద్దాల కొట్టులో. మా మామగారు కిటికీలకూ ఫొటోలకూ అద్దాలు కోసి ఇచ్చేవారు. పెళ్ళైన కొత్తలో నేను మొదటిసారి ఆ కొట్టుకు వెళ్ళి గుమ్మంలో చెప్పులు విడవబోతే, లోపలినుంచి ఈవిడ "అయ్యో, విప్పకండి, విప్పకండి!" అని కేక పెట్టింది. నేల నిండా గాజు పెంకులు. అల్లుణ్ణి చెప్పులతోనే లోపలికి రమ్మన్న అత్తారిల్లు నాదొక్కటే అయ్యుంటుంది. అప్పుడు ఆవిడ చేతిలో కట్టరు ఉంది. గాజు మీద ఒక్క గీత గీసి, రెండు చేతులతో పట్టుకుని టక్కున విరిచింది. నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. "తెరవండి, అయిపోయింది," అంది నవ్వుతూ.

మామగారు పోయాక కొట్టు అక్కాతమ్ముళ్ళ చేతికి వచ్చింది. తమ్ముడు, అంటే నా బావమరిది, వెనక గదిలో బట్టీ పెట్టించాడు. ఈవిడ ఇళ్ళ తలుపులకు పెట్టే అద్దాల మీద పూలూ, తీగలూ, పిట్టలూ వెయ్యడం మొదలుపెట్టింది. చెయ్యి మంచిదే. కానీ మనిషి ఉంది చూశారూ, తప్పు అన్నది కంటికి కనిపిస్తే చాలు, ఇక ఆ పూట ఎవరికీ సుఖం ఉండదు. ఒక పళ్ళ డాక్టరుగారి తలుపుకు తీగ వేసి ఇచ్చింది. అందరూ భేష్ అన్నారు. కొన్నేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ చెయ్యి ఆపేసి, "కింది ఆకుకి ఈనె వెయ్యలేదండీ," అంది. నాకు తలా తోకా అర్థం కాలేదు. మర్నాడు పన్ను నొప్పి అని అబద్ధమాడి ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన లోపల ఇంకెవరి నోట్లోనో తల పెట్టి ఉండగా, ఆ ఆకుకు ఈనె గీసి వచ్చేసింది. పన్ను చూపించుకోకుండానే!

నేను నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ముల్లు ఎక్కడ ఉంటే అక్కడ, అంతే. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగానని మా ఆఫీసు వాళ్ళు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఆవిడ నాతో ఎలా వేగిందని మాత్రం ఎవరూ అడగరు.

బస్సుల వాళ్ళు ఒక లైను పొడుగునా ప్రతి స్టాపుకూ గాజు బొమ్మలు పెట్టాలనుకున్నారట. ముందుగా మా పేట స్టాపు ఒక్కటి చేసి చూపించమన్నారు. అది బాగుంటే మిగతావన్నీ ఈవిడకే. ఆ పని చూసే ఇంజినీరమ్మ చిన్న వయసు మనిషి, మర్యాదస్తురాలు. వచ్చి, "మీరు స్టాపులో కూర్చుని జనాన్ని అడగండమ్మా, వాళ్ళకేం కావాలో అదే వేద్దాం," అని చెప్పి వెళ్ళింది. సరేనని ఈవిడ వెళ్ళి కూర్చుంది. జనం చెప్పారు. ఒకాయన గడియారం వెయ్యమన్నాడు. ఒకాయన తన చెప్పుల కొట్టు వెయ్యమన్నాడు. బడికెళ్ళే ఒక పిల్ల ఏనుగును వెయ్యమంది. "ఈ పేటలో ఏనుగెక్కడుందమ్మా?" అంటే, "లేదు కాబట్టే," అందట. ఒకావిడ ఏమీ వెయ్యకుండా మంచి బెంచీ వెయ్యమంది.

ఈవిడ ఇంటికి వచ్చి తల పట్టుకు కూర్చుంది. "అందరికీ కావాల్సింది ఒక్కటి కూడా లేదండీ."

"ఉంది," అన్నాను. "బస్సు. అందరికీ కావాల్సింది అదేగా. వేళకి వచ్చే బస్సు."

నేను ఏదో ఎగతాళిగా అన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసింది. మర్నాటికల్లా బొమ్మ తేలిపోయింది. పొద్దుటి వెలుగు రంగులు, లేత పసుపూ, నారింజా, చుట్టూ ఆకాశం. మధ్యలో బస్సు కోసం మెడ తిప్పి చూస్తున్న ఒక మనిషి. ముఖం ఉండకూడదట, ఎవరి ముఖం వేసినా ఇంకొకరు తగువుకొస్తారని ఆఫీసు వాళ్ళ నియమం. అందుకని ముదురు నీలం గాజులో నీడలాంటి ఆకారం మాత్రమే. ఆ ఆకారానికి ఎవరో ఒకరు నిలబడాలి కదా. ఇంట్లో ఊరికే కూర్చున్నవాణ్ణి నేనేగా.

గోడకు పెద్ద కాగితం అంటించి, ఎదురుగా దీపం పెట్టి, మధ్యలో నన్ను నిలబెట్టింది.

"కదలకండి."

"కదలట్లేదు."

"మాట్లాడకండి. మెడ అటు తిప్పండి. బస్సు కూడలి వైపు నుంచి వస్తోందనుకోండి."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

మెడ పట్టేసింది. గీయడం అయ్యాక చూద్దును గదా, పొట్టి మెడ, కొంచెం వంగిన వీపు, విసనకర్రలా ఒక చెవి! "ఇదేమిటి, నా చెవి ఇంతుంటుందా?" అన్నాను. "ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, తగ్గించాను," అంది. నలుగురూ కూర్చునే చోట నా చెవిని జీవితాంతం నిలబెడుతుందన్నమాట. నా ఖర్మ అనుకుని ఊరుకున్నాను.

అసలు తిరకాసు ఆ తర్వాత జరిగింది. ఇళ్ళ తలుపుల అద్దాలకు రంగు ఇంటి లోపలి వైపు ఉంటుంది, చూసేవాళ్ళు బయటి నుంచి చూస్తారు. కాబట్టి గీసిన కాగితాన్ని తిరగేసి గాజు కింద పెట్టుకుని దాని మీద రంగు వెయ్యాలి. అప్పుడే బయటివాళ్ళకు బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాగితాన్ని తిరగేస్తూనే ఉంది. స్టాపులో అలా కాదు. రంగు ఉన్న వైపూ, జనం చూసే వైపూ ఒక్కటే. తిరగెయ్యకూడదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా చెయ్యి దాని పాటికి అది తిరగేసింది. కొట్టులో రోడ్డా, బస్సా, కూడలా? ఒక మనిషి పక్కకు చూస్తున్నాడు, అంతే. ఏ పక్కకు చూస్తే ఎవరికేం తెలుస్తుంది? నాకు తెలియలేదు, బావమరిదికి తెలియలేదు, కాల్చిన బట్టీకి అసలే తెలియలేదు.

స్టాపులో బిగించిన రోజు మేమంతా వెళ్ళాం. ఎండ పడగానే ఆ పసుపూ నారింజా బెంచీ మీదా నేల మీదా పరుచుకున్నాయి. ఎన్నేళ్ళుగానో ఆ కొట్టు దుమ్ములో ఆవిడ చేస్తున్నది ఇదా అనిపించింది, గర్వంగా కూడా అనిపించింది. ఇంజినీరమ్మ చప్పట్లు కొట్టింది. ఇంతలో బస్సు కోసం వచ్చిన ఒకాయన సంచీ కింద పెట్టి, తల అటూ ఇటూ తిప్పి, "బాగుంది గానీ, ఈయనేమిటండీ అటు చూస్తాడు? బస్సు ఇటు నుంచి కదా వచ్చేది!" అన్నాడు.

అందరం చూశాం. బస్సు కూడలి నుంచి వస్తుంది, వంతెన వైపు పోతుంది. నా చెవిగల మనిషి మెడ చాచి శుభ్రంగా వంతెన వైపు చూస్తున్నాడు.

"బస్సు తప్పిపోయిందేమో పాపం," అని ఇంకొకాయన అన్నాడు. గొల్లున నవ్వులు. అంతే, పేరు పడిపోయింది. ఆ వారంలో మా పేటలో పిల్లా పెద్దా అందరికీ వాడు 'బస్సు తప్పినాయన' అయి కూర్చున్నాడు. కూరగాయల కొట్టులో ఒకడు నన్నాపి, "బస్సు తప్పినాయన్ని చూశారా?" అని అడిగాడు. చూశానన్నాను. ఇంకేమంటాను?

మా ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చి బొమ్మ గీసిన కాగితాన్ని తీసి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూస్తూ కూర్చుంది. "తిరగేశాను," అంది. "ఎందుకు తిరగేశానండీ?" నన్నడిగితే నాకేం తెలుస్తుంది? ఇంజినీరమ్మ ఫోన్ చేసి మెత్తగానే చెప్పింది. లైనంతా చూడటానికి పైవాళ్ళు వస్తున్నారు, ఈలోగా సరైన పలక పెట్టేస్తే గొడవుండదు, మిగతా స్టాపులన్నీ మీకే వచ్చేటట్టు చూస్తాను అని. ఈవిడ అప్పటికే కొత్త గాజు తెప్పించేసింది.

నాకు మాత్రం అంత పలక దండగ కావడం ఏమీ నచ్చలేదు. "అదే పలకని ఊడదీసి అటుది ఇటు తిప్పి పెట్టేస్తే పోలా?" అన్నాను.

"కన్నాలు కలవవండీ. బోల్టుల కన్నాలు ఒక పక్క ఒకలా, ఒక పక్క ఒకలా ఉన్నాయి."

"కొత్తగా కన్నాలు పెట్టించు."

"కాల్చి గట్టిపరిచిన గాజుకి కన్నం పెడితే పలకంతా పొడైపోతుంది. పైగా తిప్పితే రంగు వానలోకి వస్తుంది."

నేను ఊరుకునే రకమా? ఆలోచించగా ఆలోచించగా బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. "రోడ్డుకి అవతల స్టాపు ఉందిగా! అక్కడ బస్సులు వంతెన వైపు నుంచే వస్తాయి. వీడు చూసేదీ వంతెన వైపే. తీసుకెళ్ళి అక్కడ పెట్టేస్తే సరి!"

ఆవిడ బల్ల మీద రెండు డబ్బాలు ఎదురెదురుగా పెట్టింది. రెండు స్టాపులు. మధ్యలో అగ్గిపెట్టె, బస్సు. ఒక కాగితం ముక్క మీద చెవి మనిషిని గీసి మొదటి డబ్బాకు ఆనించింది. "రంగు వైపు రోడ్డుకే ఉండాలి కదా. ఇప్పుడు దీన్ని అవతలకి తీసుకెళ్తున్నాను. చూడండి," అంది. తీసుకెళ్ళింది. రోడ్డు వైపు తిప్పి పెట్టింది. చెవి మనిషి కూడలి వైపు చూస్తున్నాడు. అగ్గిపెట్టె కూడలి వైపే పోతోంది. అక్కడా బస్సు తప్పింది.

"ఇదెలా?" అన్నాను. నేనే మళ్ళీ పెట్టి చూశాను. అంతే అయింది. డబ్బాలు మార్చి చూశాను. బుర్ర తిరిగిపోయింది. ఎక్కడ పెట్టినా ఆ మనిషికి వెళ్ళిపోయిన బస్సే. కాఫీ చల్లారిపోతోందని చెప్పి ఆవిడ డబ్బాలు సర్దేసింది.

సరే, ఎలాగూ తీసేస్తున్నారు, తీసేముందు నన్ను నేను ఒకసారి తీరిగ్గా చూసుకుందామని ఒక పొద్దున స్టాపుకు వెళ్ళాను. బెంచీ చివర ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంచుమించు మా వయసే. వంతెన అవతల పిల్లల బడిలో ఆయమ్మ అని తర్వాత తెలిసింది. నేను గాజుకు ఎదురుగా నిలబడి చెవి చూసుకుంటున్నాను.

"అన్నయ్యగారూ, కొంచెం జరుగుతారా? ఆయనకి అడ్డొస్తున్నారు," అంది.

ఎవరికని చుట్టూ చూశాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. అయినా జరిగాను. ఆమె లేచి, చేతిరుమాలు తీసి, గాజు మనిషి చెవి మీద దుమ్ము తుడిచింది. నా చెవి జిల్లుమంది, ఒట్టు. ఇంతలో బస్సు వచ్చింది. ఆమె గాజు వైపు తిరిగి నెమ్మదిగా, "వెళ్ళొస్తానండీ," అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఎవరీవిడ? నాకెందుకు చెప్పి వెళ్తోంది? నాకు కాదు, నా బొమ్మకు. అయినా అది నా బొమ్మేగా! ఇంటికి వెళ్ళి మా ఆవిడ మొహం చూడలేకపోయాను. ఏ తప్పూ చెయ్యకుండా దొరికిపోయినవాడిలా అయింది నా పని. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే రుమాలు, అదే "వెళ్ళొస్తానండీ". ఆ పై రోజు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమ్మా, ఎవరికి చెబుతున్నారు?"

"మా ఆయనకి," అంది, అదేం ప్రశ్న అన్నట్టు. నేను వెర్రిముఖం వెయ్యడం చూసి చిన్నగా నవ్వింది. "నాకు మతి పోయిందనుకోకండి అన్నయ్యగారూ. ఆయన పోయారు. ఇది గాజు. రెండూ నాకు తెలుసు. కానీ చూడండి, ఆ మెడా, ఆ చెవీ! అచ్చం ఆయనే. ఎవరు చేశారో గానీ, మా ఆయన్ని ఎక్కడ చూశారో ఏమో."

నేను కుడి చేత్తో నా చెవి కప్పుకుని నిలబడ్డాను. ఏమని చెప్పను? నా నీడకు భార్య, నాకేమో చెల్లెలు! ఈ వరస ఏ లెక్కన కుదురుతుందో ఆలోచిస్తుండగానే ఆమె బస్సు వచ్చేసింది. ఆ పలకను రేపో ఎల్లుండో తీసేస్తున్నారని చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ రంగు కలుపుతూ విన్నది. కలపడం ఆపలేదు.

"పాపం," అంది. "కానీ ఆవిడకొచ్చే నష్టం ఏముందండీ? కొత్తదాంట్లోనూ మీరేగా. అదే మెడ, అదే చెవి. అటు చూసేవాడు ఇటు చూస్తాడు, అంతే కదా. ఇంకా నయం, ఎగతాళి తప్పుతుంది. వాళ్ళాయన్ని పట్టుకుని బస్సు తప్పినాయన అని జనం నవ్వుతుంటే ఆవిడకి మాత్రం బాగుంటుందా?"

మాట సబబుగానే ఉంది. నేను మీటరు చూసినట్టు పైనా కిందా చూశాను, తప్పు కనిపించలేదు. అయినా ఎందుకో మనసు ఒప్పుకోలేదు. ఒకటి మాత్రం తెలుస్తోంది. ఆ పలక పోతే ఆ మనిషి పొద్దున్నే "వెళ్ళొస్తానండీ" అని ఎవరికి చెబుతుంది? కొత్త దానికి చెప్పుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నా కుదురు లేదు.

కొత్త పలక తయారైంది. ఈసారి ఆవిడ కాగితం మీద 'తిరగెయ్యకు' అని నా చేత పెద్ద అక్షరాలతో రాయించుకుంది. బావమరిది వ్యానులో ఎక్కించాడు. పొద్దున్నే రద్దీ లేనప్పుడే మార్చేద్దామని ఇంజినీరమ్మ చెబితే, నలుగురం స్టాపుకు చేరాం. బావమరిది నిచ్చెన వేసి పై బోల్టులు వదులు చేస్తున్నాడు. నేను కూడలి వైపూ, మా ఆవిడ వైపూ మార్చి మార్చి చూస్తూ, ఆ ఆయమ్మ ఇవాళ సెలవు పెట్టి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. ఎక్కడ పెడుతుంది? ఎప్పటికంటే ముందే వచ్చింది.

నిచ్చెన చూసి ఆగిపోయింది. "ఏం చేస్తున్నారండీ? ఎందుకు విప్పుతున్నారు?"

నేనే ముందుకు వెళ్ళాను. "ఏం లేదమ్మా, కంగారు పడకండి. ఆయన ఎక్కడికీ పోవట్లేదు. కొంచెం ఇటు తిప్పుతున్నారు, అంతే."

"ఇటెందుకు?"

"బస్సు ఇటు నుంచి కదా వచ్చేది. ఆయన అటు చూస్తున్నారు. పొరపాటున అలా పడింది."

ఆమె నా వైపు అయోమయంగా చూసింది. "ఆయన బస్సు కోసం రాలేదు కదండీ," అంది.

ఇంజినీరమ్మ దగ్గరికి వచ్చింది. "అంటే ఏమిటమ్మా?"

"ఆయన ఏ బస్సూ ఎక్కరు. ఆయన పని ఇంటి దగ్గరే, రేడియోలు బాగుచేసేవారు. రోజూ పొద్దున్నే నా సంచీ మోసుకుంటూ వచ్చి నన్ను బస్సెక్కించేవారు. ఎక్కాక నేనెప్పుడూ వెనక్కి చూళ్ళేదమ్మా. సీటు ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఆయన వెళ్ళిపోయి ఉంటారనుకునేదాన్ని." ఆమె సంచీని గుండెకు ఆనించుకుంది. "ఆయన పోయాక ఎదురుగా పూల కొట్టు అమ్మాయి చెప్పింది. మీ బస్సు వంతెన దాటి మలుపు తిరిగేదాకా ఇక్కడే నిలబడి చూసేవారండీ అని. నేను నమ్మలేదు. అన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాలిగా! ఆయన చెప్పలేదు, నేను చూళ్ళేదు. ఇది పెట్టాక చూశాను. ఇలా చూసేవారన్నమాట అనుకున్నాను."

నిచ్చెన మీద బావమరిది స్పానరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాడికి మనసులో ఏదీ దాగదు. "అయ్యో, అది మా బావ బొమ్మండీ! ఇదిగో ఈయనే!" అని నన్ను చూపించేశాడు.

ఆయమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. చెవి దగ్గర చూపు ఒక్క క్షణం ఆగింది. "మీరా?" అంది. "పోలికలుంటాయి లెండి అన్నయ్యగారూ," అని మళ్ళీ గాజు వైపు తిరిగిపోయింది. నేనక్కడ లెక్కలోకే రాలేదు.

ఇంజినీరమ్మకు ఎటూ పాలుపోలేదు. "పోనీ అమ్మా, ఈ పాత పలకని మీకే ఇప్పిస్తాను, మీ ఇంట్లో పెట్టుకుందురుగాని," అంది.

"ఇంట్లోనా?" ఆయమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లోంచి ఎటు చూస్తారమ్మా? బస్సు ఇక్కడ కదా ఆగేది."

"మరి వేరే స్టాపులో ఎక్కడైనా..."

"అక్కడ నేనెప్పుడు ఎక్కాను?"

వ్యాను తలుపు తెరిచే ఉంది. కొత్త పలక సగం బయటికి కనిపిస్తోంది. అందులో మనిషి సరైన వైపే చూస్తున్నాడు. ఆయమ్మ దాన్నీ చూసింది. "అది కూడా బాగుంది వదినగారూ," అంది మా ఆవిడతో, మర్యాద కోసం. "కానీ అందులో ఆయన ఎవరి కోసమో చూస్తున్నట్టుంది. ఇందులో నన్ను చూస్తున్నారు."

మా ఆవిడ గాజు దగ్గరికి వెళ్ళి, రంగు మీద చెయ్యి పెట్టి, తనే మొదటిసారి చూస్తున్నట్టు ఆ మనిషిని చూసింది. ఆవిడ మొహం చూస్తే నాకు భయం వేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"తమ్ముడూ, ఆ బోల్టులు బిగించెయ్," అంది.

"అక్కా?"

"బిగించెయ్ అంటున్నానుగా. తప్పేం లేదు దాంట్లో."

ఇంజినీరమ్మ తెల్లబోయింది. "అమ్మా, బొమ్మ తిరగబడింది, తప్పు నాదేనని నిన్న మీరే కదా అన్నారు?"

"నిన్న నాకు తెలియదమ్మా, అతను ఏం చూస్తున్నాడో."

"పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను? వాళ్ళూ నవ్వుతారు. మిగతా స్టాపుల సంగతి ఇక నా చేతుల్లో ఉండదు."

"బస్సెక్కించడానికి వచ్చాడని చెప్పు. నేను ఇలాగే వేశానని చెప్పు. నవ్వితే నవ్వనీ."

ఆ మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో ఆ చోట ఒక్క నాకే తెలుసు. ఆకు ఈనె కోసం పన్ను నొప్పి తెచ్చుకున్న మనిషి! పని పోతుందేమోనన్న బెంగ నాకూ ఉంది. దాన్ని మించి, ఇదేమిటో తెలియని సంతోషం కూడా ఉంది. ఏది దేనిదో విడదీసుకోలేక ఊరికే నిలబడ్డాను.

ఇంజినీరమ్మ కాసేపు గాజునూ, వంతెన వైపునూ చూసింది. చివరికి, "చూద్దాం లెండి," అని ఫోను పట్టుకుని పక్కకు వెళ్ళింది. బావమరిది బోల్టులు బిగించి నిచ్చెన దిగాడు. "మరి ఈ కొత్తదాన్ని ఏం చెయ్యమంటావు బావా?" అని నా చెవిలో అడిగాడు. నాకు తెలిస్తేగా!

కూడలి నుంచి బస్సు వచ్చింది. ఆయమ్మ రుమాలు తీసి, బావమరిది వేలిముద్రలు పడ్డచోట గాజును తుడిచింది. తర్వాత మా ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒక్కసారి నొక్కి వదిలింది. గాజు వైపు తిరిగి, "వెళ్ళొస్తానండీ," అంది. ఎక్కింది.

ఇవాళైనా వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. కిటికీల్లోంచి కనిపిస్తూనే ఉంది. సంచీ చంకలో పెట్టుకుని, కడ్డీ పట్టుకుని, సీటు కోసం వెతుక్కుంటోంది. బస్సు కదిలింది. మా ఆవిడా, నేనూ, ఆ గాజులో మనిషీ, అది వంతెన దాటి మలుపు తిరిగేదాకా అటే చూస్తూ నిలబడ్డాం.